మామ మాట నా నోట

మా మామ తాగుతాడని పెళ్ళికి ముందే మా నాన్నకు తెలుసు. అల్లూరు చుట్టుపక్కల ఆ సంగతి తెలియనివాళ్ళు లేరు. మద్యనిషేధం ఉన్న రోజులవి. సారా కాసేవాళ్ళు కాలవ గట్టున చెట్ల మాటున కాసేవాళ్ళు. తాగినవాళ్ళు గోడల పక్కగా నక్కుతూ ఇల్లు చేరేవాళ్ళు. మా మామ మాత్రం నడివీధిలో నడిచి వచ్చేవాడు. అంత మాగాణి ఉన్న మనిషిని ఏ పోలీసు ఆపుతాడు? "తాగినా చేను ఎండబెట్టడు, ఆడవాళ్ళ మీద చెయ్యెత్తడు" అని మధ్యవర్తి చెప్పిన మాట మీద మా నాన్న సంబంధం ఖాయం చేశాడు. ఆ రెండు మాటలూ నిజమే. ఆయన చెయ్యెత్తడు, కేకలు వేస్తాడు. పొద్దుగూకేసరికి మొదలయ్యే కేకలు అన్నాల వేళ దాకా సాగేవి.

నేను నెల్లూరులో ఆడపిల్లల బడిలో ఎస్సెల్సీ చదివాను. అక్కడ ఇంగ్లీషు తప్ప మరో మాట వినబడితే టీచరమ్మలు ఊరుకునేవాళ్ళు కాదు. "మా కోడలు ఇంగ్లీషు గడగడా మాట్లాడతాది" అని మామ ఊరంతా చెప్పుకున్నాడట. ఇంట్లో మాత్రం ఆయనతో నేను తెలుగులో కూడా మాట్లాడింది లేదు. ఆయన వసారాలో ఉంటే నేను తలుపు వెనక ఉండేదాన్ని. మంచినీళ్ళు కావాలంటే ఆయన అత్తను అడిగేవాడు, అత్త నన్ను అడిగేది, నేను చెంబు ముంచి అత్త చేతికిచ్చేదాన్ని.

ఒక కార్తీకంలో, ముసురు పట్టిన రోజుల్లో, మామ నెత్తురు కక్కుకున్నాడు. బాడుగ కారులో నెల్లూరు ఆసుపత్రికి తీసుకుపోయాము. పది రోజులకు కాస్త కోలుకున్నాక డాక్టరమ్మ మంచం పక్కన నిలబడి, "కడుపుకు మందు నేనిస్తాను. తాగకుండా ఉండడానికి నా దగ్గర మందు లేదు" అంది. మద్రాసులో మాత్రం తాగుడు మానినవాళ్ళు కొందరు ఆదివారం ఆదివారం ఒకచోట చేరి మాట్లాడుకుంటారని విన్నానంది. ఎగ్మూరు వైపు, ఏదో చర్చి బడిలోనట. అంతకు మించి ఆమెకూ తెలియదు.

మా ఆయన ఆ మాట కొట్టిపారేశాడు. "తాగుబోతుల్ని చూడను మద్రాసు దాకా పొయ్యేదెందుకు? మనింట్లోనే ఉండాడు గదా ఒకడు."

మామ కళ్ళు మూసుకునే అన్నాడు: "తాగేవాళ్ళని గాదురా. మానినోణ్ణి చూడాల. తాగి తాగి చచ్చినోళ్ళని చూసినా. మానినోణ్ణి ఇంతవరకూ చూళ్ళా."

"వాళ్ళు మాట్లాడేది ఇంగ్లీషు. మీకు అర్థం కాదు" అంది డాక్టరమ్మ.

"మా కోడలికి వస్తాది" అన్నాడు మామ, గోడ వైపు చూస్తూ. ఆ గోడ దగ్గర నేను నిలబడి ఉన్నాను.

కోతలు మొదలయ్యాక మా ఆయనకు కళ్ళం విడిచి కదిలే వీలు లేదు. మామను ఒంటరిగా పంపడానికి ఎవరికీ ధైర్యం లేదు. నేను వెళ్తానన్నాను. భయం లేదని కాదు. కానీ మానినవాడు ఎలా ఉంటాడో చూడాలని మామకు ఎంత ఉందో నాకూ అంతే ఉంది. అత్త పులిహోర పొట్లం కట్టి ఇచ్చింది. నెల్లూరులో రైలెక్కి, ఆయన కిటికీ పక్కన, నేను ఎదురుబల్ల చివర, ఎవరికి వారుగా కూర్చున్నాము. తడ దాటాక కాఫీ అమ్మేవాళ్ళ కేకలు అరవంలోకి మారాయి. మామ కొంచెం నిటారుగా కూర్చున్నాడు. ఎడ్ల బేరాలకు అటువైపు తిరిగిన మనిషి, ఆయనకు నాలుగు ముక్కలు అరవం వచ్చు.

ఆ నాలుగు ముక్కలే మా కొంప ముంచాయి. ఎగ్మూరులో రిక్షావాణ్ణి ఆపి, తాగేవాళ్ళు కూడే చోటికి తీసుకుపొమ్మన్నాడు. మద్రాసులోనూ నిషేధమే. రిక్షావాడు ఆయన్ని ఎగాదిగా చూశాడు, నన్ను ఇంకాస్త ఎక్కువసేపు చూశాడు, ఎక్కమన్నాడు. సందుల్లోంచి సందుల్లోకి తిప్పి, కట్టెల అడితి వెనక రేకుల ఇంటి ముందు దించాడు. ఒక ముసలామె గోనెపట్టా తెర ఎత్తి లోపలికి రమ్మంది. లోపల్నుంచి వచ్చిన వాసన మా ఇంటి వసారాలో నాకు రోజూ తెలిసిన వాసనే.

మామ గడప దగ్గర ఆగిపోయాడు. కాలు లోపలికీ పెట్టలేదు, వెనక్కీ తియ్యలేదు. అత్త లేదు, మా ఆయన లేడు, చెప్పడానికి మధ్యలో ఇంకెవరూ లేరు.

"మామా, ఇది గాదు. పోదాం రండి" అన్నాను.

ఆయన తిరిగి చూశాడు. నాకు గొంతు ఉందని ఆ క్షణమే తెలిసినట్టు చూశాడు.

"ఇది గాదా?"

"గాదు మామా."

"అవును, గాదు. ఇది నాకు తెలిసిన చోటే" అని ఒక నవ్వు నవ్వి, రిక్షా దగ్గరకు వచ్చాడు. తాగేవాళ్ళు కాదు, మానినవాళ్ళు అని మళ్ళీ విడమర్చి చెబితే రిక్షావాడు తల గోక్కున్నాడు. అలాంటివాళ్ళు కూడా ఉంటారా అని మమ్మల్నే అడిగాడు. చివరకు ఒక చర్చి కాపలాదారు దారి చూపించాడు.

మేము వెళ్ళేసరికి మీటింగు అయిపోయింది. బడిలో ఒక గది, పిల్లల బల్లలు, కిటికీలో టీ కెటిల్. పది పన్నెండు మంది లేచి టోపీలు, సంచులు అందుకుంటున్నారు. వాళ్ళలో పెద్ద, తెల్ల మీసాల ఆంగ్లో ఇండియన్, రైల్వేలో గార్డుగా చేసి రిటైరైన మనిషి. ఫలానా ఊరు, ఫలానా పని మీద వచ్చామని ఇంగ్లీషులో చెప్పాను. ఎక్కడినుంచి అని రెండుసార్లు అడిగి, మిగతావాళ్ళ వైపు తిరిగి ఏదో అన్నాడు. లేచినవాళ్ళు అందరూ మళ్ళీ కూర్చున్నారు. అది చూసి మామ చేతులు కట్టుకున్నాడు. పెద్ద అధికారులు వచ్చినప్పుడు కూడా ఆయన చేతులు కట్టుకోగా నేను చూడలేదు.

తాగుడు అలవాటు లేనివాళ్ళను లోపల కూర్చోనివ్వడం వాళ్ళ పద్ధతి కాదు. గార్డు నాతో చెప్పాడు: "మీరు ఇక్కడ ఆయన నోరు, ఆయన చెవులు. గుమ్మం దాటాక మీకేమీ తెలియదు. ఇక్కడ ఎవరి పేరూ బయటికి పోదు, ఎవరి మాటా బయటికి పోదు." సరేనన్నాను. ఇన్నేళ్ళ తర్వాత రాస్తున్నప్పటికీ ఇందులో ఒక్క పేరూ లేనిది అందుకే. మామ మాటలు మాత్రం రాస్తున్నాను. తర్వాతి రోజుల్లో ఆయనే వాటిని అల్లూరు బజారులో నలుగురికీ చెప్పుకున్నాడు.

నేను "ఆయన అంటున్నారు, తాను" అని మొదలుపెడితే గార్డు ఆపాడు. "ఆయన కాదు. నేను అనండి." అలా నేను, తలుపు చాటు కోడల్ని, ముక్కూ మొహం తెలియని మగవాళ్ళ మధ్య నిలబడి, నేను తాగుబోతుని అని ఇంగ్లీషులో చెప్పాను. వాళ్ళు చెప్పింది ఆయనకు తెలుగులో చెప్పేటప్పుడు ఇంకా ఇబ్బంది. మామగారి ముందు "నేను తాగి మురికి కాలవలో పడ్డాను" అని ఎలా అనడం? గొంతు చిన్నదయ్యేది. ఆయన చెవి దగ్గరగా వంచేవాడు.

పదిహేను రోజులకో, నెలకో వెళ్ళేవాళ్ళం. రానురాను నాకు ఆ పని మీద ఎక్కడలేని ఆసక్తి పుట్టింది. వాళ్ళ మాటలకు తెలుగు వెతుక్కోవడమే ఒక పని. బతుకంతా మానతానని ఒట్టు పెట్టుకోవద్దు, ఇవాళ ఒక్కరోజు తాగకుండా ఉండు అనేవాళ్ళు. నేను దాన్ని ఎలాగెలాగో తిప్పి చెబితే మామ, "అంటే ఈ పూటకి, అంతే గదా" అన్నాడు. ఈ పూటకి! అంత చక్కని మాట నాకు ఎందుకు తట్టలేదా అని రైల్లో దారంతా అనుకున్నాను. ఆ గదిలో ఒక ఆఫీసులో టైపు చేసే ఆమె ఉండేది. ఆడది తాగుతుందని నేను వినడమే మొదటిసారి. ఇస్త్రీ గౌను, పొందికైన జుట్టు, వణకని వేళ్ళు. ఆమె ఏం చెప్పిందో రాయను. ఆమె చెప్పింది మామకు చెబుతూ మధ్యలో ఆపేశాను. ఆయనే నెమ్మదిగా, "కానీయమ్మా, నిదానంగా చెప్పు" అన్నాడు.

మామ మాత్రం తన సంగతి చెప్పేవాడు కాదు. మొలగొలుకుల వడ్లు ఎంత పండాయో, పందెపు ఎద్దులు ఎలాంటివో చెప్పేవాడు. నేను ఆ ఎద్దుల్ని ఇంగ్లీషులోకి మార్చేదాన్ని. వాళ్ళు శ్రద్ధగా వినేవాళ్ళు. ఒక్కరూ నవ్వలేదు, ఒక్కరూ తొందరపెట్టలేదు.

ఇంట్లో కేకలు ఆగిపోయాయి. కానీ అత్త నాతో ముభావంగా ఉండసాగింది. ఒకరోజు రోట్లో పచ్చడి నూరుతూ అడిగేసింది.

"ఆడ ఏం చెప్తాడే మీ మామ?"

"చెప్పకూడదంట అత్తా."

"కట్టుకున్నదానికి చెప్పకూడదు, కోడలికి చెప్పొచ్చునా? ఎక్కడుందమ్మా ఈ న్యాయం!"

ఎద్దుల సంగతే చెబుతున్నాడని చెప్పినా నమ్మేది కాదు.

వేసవిలో దగ్గర బంధువుల పెళ్ళికి పోయి మామ తాగాడు. ఒక పూటతో ఆగలేదు, వారం సాగింది. తర్వాత వసారాలో గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఆదివారం రానే వచ్చింది, ఆయన కదల్లేదు. నాకు కోపం వచ్చింది. ఇంత దూరం తిప్పింది ఇందుకా అనిపించింది. మా ఆయన సరేసరి. "చూసినారా? నేను మొదటే చెప్పినా" అని చేనికి పోయాడు.

"ఏం మొగం పెట్టుకోని పొయ్యేది ఆడికి?" అన్నాడు మామ గోడతోనే.

అత్త నీళ్ళ చెంబు తెచ్చి మంచం పక్కన ఠపీమని పెట్టింది. "ఈ మొగమే. కడుక్కోని లెయ్యి. ఈసారి నేనూ వస్తా. ఆ మానినోళ్ళు ఎట్టుంటారో నేనూ చూస్తా."

అలా ముగ్గురం వెళ్ళాము. గార్డు అత్తకు నమస్కారం పెట్టి, వరండాలో కిటికీ పక్కన కుర్చీ వేయించాడు. లోపల మామ లేచి, తాగానని చెప్పాడు. నేను ఇంగ్లీషులో తాగానన్నాను. తిడతారేమో అనుకున్నాను. గార్డు తానూ అలాగే ఎన్నోసార్లు పడి లేచానని చెప్పి, మళ్ళీ వచ్చినందుకు సంతోషం అన్నాడు. మామ కూర్చోబోయి, కూర్చోలేదు. కిటికీ వైపు చూశాడు. గొంతు పెంచాడు.

"పొద్దుగూకితే నాకు భయం" అన్నాడు.

నేను మార్చబోతుంటే చెయ్యెత్తి ఆపాడు.

"కూలోళ్ళు ఇళ్ళకు పోతారు. గొడ్లు కొట్టాన చేరతాయి. ఇంక నాకు పని ఉండదు. గుండెలో ఏందో దిగజారిపోతా ఉంటాది. మా నాయిన పొయ్యింది ఆ వేళకే, దానికేనేమో, నాకు తెల్దు. ఒక గుక్క తాగితే ఆ భయం పోతాది. పోతే అరుస్తా. అరిస్తే ఇంట్లో మనుషులు ఉండారని తెలస్తాది. ఇంత ఒడ్డూ పొడుగూ ఉండి, చీకటికి భయమని ఎవరికి చెప్పుకునేది?"

దాన్ని ఇంగ్లీషులోకి ఎలా మార్చానో నాకు జ్ఞాపకం లేదు. దిగజారడానికి మాట దొరక్క చెయ్యి గుండె మీద పెట్టి కిందికి జార్చి చూపించాను. అందరూ తలూపారు. వాళ్ళకు ఆ మాట అక్కర్లేకపోయింది. వరండాలో అత్తకు నా అవసరమే లేకపోయింది. ఆయన మాట ఆమెకు ఆయన నోటే అందింది.

తిరుగు రైల్లో గూడూరు దాటాక అత్త మామ వైపు తిరిగింది. "పొద్దుగూకేటప్పుడు నేను వంటింట్లోనే ఉంటా గదయ్యా. వచ్చి పొయ్యి కాడ కూర్చుంటే ఎవరొద్దన్నారు?" అంది.

"మొగోణ్ణి, పొయ్యి కాడ కూర్చునేదేంది?"

"అయితే తాగి అరిసేదే మేలా?"

మర్నాడు పొద్దుగూకే వేళకు మామ వంటింట్లోకి వచ్చి, పీట మీద ఇబ్బందిగా కూర్చున్నాడు. అత్త ఆయన ముందు గోంగూర పడేసింది. ఆకుకు బదులు కాడలు గిన్నెలో వేశాడు. అత్త తిట్టింది. నేను తలుపు వెనక్కి పోబోతే, "నువ్వేడికే? అన్నం వార్చు" అంది.

మరుసటి ఏడాది ఆ గదిలోకి ఒక కొత్తమనిషి వచ్చాడు. నెల్లూరులో తోళ్ళ వ్యాపారం చేసే సాయిబుగారు. సరుకు పని మీద మద్రాసు వచ్చి, ఎవరో చెబితే ఇక్కడికి చేరాడు. నా తెలుగు వినగానే ఆయన మొహం విప్పారింది. టీ తాగుతూ మామతో, "అన్నా, మనం నెల్లూరోళ్ళం ఇంత దూరమొచ్చి ఇంగ్లీషులో ఏడ్చేదేంది? నెల్లూరులోనే తెలుగులో ఏడుద్దాం" అన్నాడు. గార్డు అది నాచేత చెప్పించుకుని పొట్ట పట్టుకుని నవ్వాడు. పోయి చెయ్యండి, అవసరమైతే నేను వస్తానన్నాడు.

సాయిబుగారి గోడౌనులోనే ఆదివారాలు మొదలయ్యాయి. "ఈ తోళ్ళ వాసనకి సారా తలపుకే రాదు" అనేవాడు మామ. మొదట వాళ్ళిద్దరే. తర్వాత మైపాడు నుంచి ఒక పడవ మనిషి, కోర్టు దగ్గర దస్తావేజులు రాసే ఒక అయ్యవారు. తలుపు మూసుకుని కూర్చునేవాళ్ళు. తాగానని ఒప్పుకుంటే కేసు పెడతారని భయం. ఎవరో చెప్పగా ఒక పోలీసు జవాను రానే వచ్చాడు. ఆ ముచ్చట మామ ఇంటికొచ్చి మాకు అభినయించి చూపించాడు.

"ఏంది ఈడ?" అన్నాడట జవాను.

"తాగుడు మానుతా ఉండాం సార్" అన్నాడట సాయిబుగారు.

"నిషేధం ఉండాది గదా. తాగేదే లేనప్పుడు మానేదేంది?"

"అందుకే తలుపేసుకోని మానుతా ఉండాం."

జవాను ప్రతి గ్లాసూ వాసన చూసి, అంతా టీ అని తేలాక, తనకూ ఒకటి పోయించుకుని తాగి వెళ్ళాడట.

నెల్లూరు మీటింగుతో నా పని అయిపోయింది. "ఇంక నీకు శ్రమ లేదమ్మా, అంతా తెలుగోళ్ళమే" అన్నాడు మామ. నా మేలు కోరే అన్నాడు. నాకు మాత్రం ఆదివారం వస్తే చెయ్యి విరిగినట్టుండేది. ఆ టైపు ఆమె ఎలా ఉందో, గార్డు దగ్గు తగ్గిందో లేదో తెలిసే దారి లేదు. అక్కడ కూర్చుని వినడం నాకు ఎంత ఇష్టమో అది పోయాకే తెలిసింది. మా ఆయనతో చెబితే, "తాగుబోతుల కబుర్ల మీద బెంగేంది నీకు?" అని ఆశ్చర్యపోయాడు. కానీ ఆ తర్వాతి ఆదివారం అత్తనూ నన్నూ నెల్లూరు బస్సెక్కించింది ఆయనే. "పొయ్యి రాండి. నాయిన్ని ఒంటిగా పంపేదెందుకు" అన్నాడు. తండ్రి గురించి మెత్తగా ఒక మాట అనడం ఆయన నోట అదే మొదలు.

సాయిబుగారి ఇల్లు గోడౌను పక్కనే. ఆయన భార్య మమ్మల్ని లోపలికి పిలిచి చాప పరిచింది. పడవ మనిషి భార్య కూడా వచ్చింది. మొదటిరోజు ఎండ గురించి, ఎండుచేపల గురించి మాట్లాడుకున్నాము. రెండోసారి అత్తే అందుకుంది. "మీ ఇళ్ళల్లో కూడా గిన్నెలు ఇసిరేస్తారా?" అంది. సాయిబుగారి భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వి, ఆ నవ్వులోనే ఏడ్చింది. అక్కడ కూడా ఆదివారాలు మొదలయ్యాయి. మా గదిలో మాటలూ బయటికి పోలేదు, కాబట్టి వాటినీ రాయను.

అరవైల చివర నిషేధం ఎత్తేశారు. సారా దుకాణాలు వేలం వేశారు. అల్లూరు బస్సులు ఆగే చోటే ఒకటి తెరిచారు. దాన్ని వేలంలో పాడుకున్నవాడు మా దూరపు బంధువు. ఊరి పెద్ద చేతి మీదుగా మొదలుపెడదామని మామను పిలవడానికి ఇంటికే వచ్చాడు. అత్త వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"నేను రానురా. నీ యాపారం నీది, నేను వద్దనను. మానాలనుకునేవోళ్ళు ఎవరైనా అడిగితే మాత్రం నా పేరు చెప్పు" అన్నాడు మామ. బంధువు నవ్వలేక నవ్వి వెళ్ళిపోయాడు.

ఇక బస్సు కోసం ప్రతి ఆదివారం ఆ దుకాణం ముందే నిలబడాలి. మామ గొడుగు అటువైపు వాల్చి పట్టుకునేవాడు. ఒకనాడు ఆ దుకాణం అరుగు మీద కూర్చున్న మనిషి, మా వీధి చివర కొలిమి నడిపేవాడు, లేచి మాతోపాటే బస్సెక్కాడు. వచ్చి మామ పక్క సీటులో కూర్చున్నాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఎక్కడికని మామ అడగలేదు. అతనూ చెప్పలేదు. దారంతా వానల గురించి, నాగలి కర్రుల గురించి మాట్లాడుకున్నారు. నెల్లూరులో దిగాక అత్తా నేనూ ముందు నడిచాము. సాయిబుగారి సందు మలుపులో నేను వెనక్కి తిరిగి చూశాను. అతను మామ వెనక, పది అడుగుల దూరంలో, తువ్వాలతో మొహం తుడుచుకుంటూ వస్తున్నాడు.